కంఠతా వచ్చిన రంగులు

నాకు రంగులన్నీ కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్తాను. ఆకు ఆకుపచ్చ, చిలుక ఆకుపచ్చ, చిలుక ముక్కు ఎరుపు, పచ్చిమిర్చి ఆకుపచ్చ, పండుమిర్చి ఎరుపు. చూసి చెప్పమని మాత్రం అడగకూడదు. చూస్తే ఆ రెండు మిరపకాయలూ నాకు ఒక్క తీరుగానే ఉంటాయి. ఒకటి కాస్త ముదురు, అంతే.

ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. చుట్టూ చూసి, చేతికి అందిన వస్తువేదో తీసి నా ముఖం ముందు పెట్టి, "ఇది ఏం రంగు చెప్పు" అంటారు. పెళ్లిలోనైనా, బస్సులోనైనా అంతే. చెవుడు ఉన్న మనిషి కనిపిస్తే చెవి దగ్గర గంట మోగించి చూస్తారా? నాకు మాత్రం నవ్వుకుంటూ పరీక్ష పెడతారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా తెలుసు. "అయితే నీకు అంతా నలుపూ తెలుపేనా, పాత టీవీ లెక్క?" కాదు. పసుపు నాకు పసుపే. నీలం నీలమే. తంగేడు పూసిన గుట్ట పక్కనుంచి బస్సు పోతుంటే నేను కళ్లు తిప్పకుండా చూస్తాను. ఆ పసుపు మీకంటే నాకే ఎక్కువ కనిపిస్తుందని నా గట్టి అనుమానం. కాదని రుజువు చేయడానికి మీ దగ్గర ఏ తూకం రాయీ లేదు.

నేను పుట్టి పెరిగింది మందమర్రిలో, కంపెనీ క్వార్టర్లో. ఇంట్లో ముగ్గురమే. అమ్మ, బాపు, నేను. బాపుది భూమి లోపల బొగ్గు నింపే పని. గనిని మేం బాయి అంటాం కాబట్టి బాపు బాయికి పోతాడు, బాయి నుంచి వస్తాడు. ఆయన అమ్మకు సొంత మేనమామ. మా దిక్కు అదేం వింత కాదు. ఇంట్లో ఆడపిల్ల పుడితే మామ ఉండగా బయట వెతకడం దేనికి అనుకునే కాలం అది.

మా ఇంట్లో రంగుల మీద పంచాయితీ వస్తే నేనూ బాపూ ఒక దిక్కు, అమ్మ ఒక్కతే ఒక దిక్కు. గోరింటాకు పెట్టిన మర్నాడు అమ్మ నా చెయ్యి పట్టుకొని మురిసిపోయేది. "ఎంత ఎర్రగ పండిందో చూడు." నాకు అరచేతిలో బురద మరక కనిపించేది. బాపు వంగి చూసి, "ఏడ పండిందే, నల్లవడ్డది" అనేవాడు. ఇద్దరం కలిసి అమ్మను ఏడిపించేవాళ్లం. బాపు సంతకు పోతే టమాటాల్లో సగం పచ్చివే తెచ్చేవాడు. అమ్మ నెత్తి కొట్టుకొని, "ఇద్దరికిద్దరు దొరికిండ్రు నాకు" అనేది. ఎక్కువమంది ఏమంటే అదే నిజమని నమ్మే వయసు. ఇంట్లో ఎక్కువమంది మేమే. కాబట్టి ఏదో తేడా ఉంటే అది అమ్మ కళ్లలోనే ఉందనుకున్నాను. ఆ లెక్క తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. లోకంలో మా బాపు లాంటివాళ్లే ఎక్కువమంది పుట్టి ఉంటే, పరీక్ష మా అమ్మకు పెట్టేవాళ్లు.

ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడికి ఒక కళ్ల డాక్టరమ్మ వచ్చింది. ఆమె దగ్గర ఒక పుస్తకం ఉంది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, ఆ చుక్కల నడుమ ఒక అంకె. పిల్లలు వరుసగా వచ్చి అంకె చెప్పి పోతున్నారు. నా వంతు వచ్చింది. ఎంత చూసినా చుక్కలే. "చుక్కలున్నయి మేడం" అన్నాను. వెనక వరుస గొల్లుమంది. డాక్టరమ్మ నవ్వలేదు. పేజీలు తిప్పి మళ్లీ మళ్లీ చూపించింది, మర్నాడు అమ్మను తీసుకురమ్మంది.

అమ్మకు ఆమె ఓపికగా చెప్పింది. ఈ చూపు మగవాళ్లలో అక్కడక్కడా ఉంటుంది, ఆడపిల్లల్లో అరుదు. ఆడపిల్లకు రావాలంటే తండ్రికి ఉండాలి, తల్లి వైపు నుంచి కూడా రావాలి. తల్లి తనకు అన్నీ మామూలుగా కనిపిస్తున్నా లోపల దాన్ని మోస్తూ ఉండవచ్చు. "మీది మేనరికం కదమ్మా, రెండు దారులూ ఒకే ఇంటి నుంచి వచ్చినయి" అంది. జబ్బు కాదని, దీనికి మందు లేదని, దీని వల్ల ప్రాణానికేం కాదని చెప్పింది. లేచి వచ్చేస్తుంటే ఇంకో మాట అంది. "రేపు ఈ పిల్లకు మగపిల్లలు పుడితే మాత్రం అందరికీ ఇట్లనే ఉంటుంది."

అమ్మకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించినట్టుంది. ఇంటికొచ్చి బాపుతో చెప్తే ఆయన డ్యూటీకి బూట్లు వేసుకుంటూ, "నాకేం తక్కువైందే? బొగ్గు నల్లగుంటది. గది నాకు మంచిగనే కనవడ్తది" అని లేచి షిఫ్టుకు పోయాడు. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకొని పాఠం మొదలుపెట్టింది.

"ఆకు?"

"ఆకుపచ్చ."

"నెత్తురు?"

"ఎరుపు."

"దానిమ్మ గింజ?"

నాకు తెలియదు. "ఎరుపు" అని నెత్తి మీద ఒకటి మొట్టింది. రోజూ అదే. ఎక్కాలు చదివించినట్టు రంగులు చదివించింది. కొన్ని ఉపాయాలు కూడా నేర్పింది. రంగు తెలియనప్పుడు ఎదుటివాళ్లు నోరు తెరిచేదాకా ఆగాలి. చీరల దుకాణంలో "దీన్ని మీరు ఏం రంగంటరు?" అని నువ్వే ముందు అడగాలి. గోరింటాకు ఎవరు చూపించినా బాగా పండిందనాలి. అన్నిటికంటే పెద్ద పాఠం చివర్లో వచ్చేది. "ఎవ్వలకు చెప్పకు. చెప్తే నిన్నెవ్వలు చేసుకోరు." ఆమె భయం నాకు అర్థమవుతుంది. అయినా పదమూడేళ్ల పిల్లకు సొంత కళ్లను చూసి సిగ్గుపడటం నేర్పింది. దానికి నాకు ఇప్పటికీ కోపమే. అమ్మకూ ఆ సంగతి తెలుసు.

పాఠం మాత్రం బాగా పనిచేసింది. డిగ్రీ దాకా చదివాను. గోదావరిఖనిలో ఉండే కుటుంబం నుంచి సంబంధం వస్తే, పెళ్లిచూపుల్లో "ఈ చీర కలర్ బాగుంది" అన్న వదినగారికి "అవును, ముక్కుపొడి రంగు కదా" అని జవాబు చెప్పాను. ఆ పేరు అంతకుముందు దుకాణంలో విని మనసులో పెట్టుకున్నదే.

మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. పెళ్లయిన కొత్తలోనే నన్ను పట్టుకున్నాడు. టమాటాలు కోసే ముందు ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూస్తున్నానట. "ఏందే, దవాఖాన్ల డాక్టరు లెక్క నాడి చూస్తున్నవ్?" అన్నాడు. ఆ పూట ఎందుకో అబద్ధం నోటికి రాలేదు, చెప్పేశాను. అందరిలాగే లోపలికి పోయి తన చొక్కాలు తెచ్చి "ఇది ఏం రంగు?" అన్నాడు. ఆ చొక్కాతోనే ఒకటి కొట్టాను. డంపరు ఎక్కాలంటే కళ్ల పరీక్షలో పాసు కావాలి. "ఇంటికి పాసైన కండ్లు ఒక్క జత చాలు తీయ్" అని నవ్వి ఊరుకున్నాడు. అత్తమ్మకు చెప్పొద్దని నేనే బతిమాలాను. మాట నిలబెట్టుకున్నాడు, పాపం.

అత్తమ్మ అంటే మా లైన్‌లో అందరికీ భయమూ, గౌరవమూ. క్వార్టర్ల వరుసను లైన్ అంటాం. లైన్‌లో ఎవరి ఇంట్లో శుభకార్యం ఉన్నా చీరలు కొనడానికి ఈమెను తోడు తీసుకుపోతారు. ఉల్లిపొర రంగు, నెమలికంఠం, వంకాయరంగు, చింతపిక్క రంగు అంటూ ఆమె ఒక్కో చీరకూ పేరు పెట్టి పిలుస్తుంది. నేను వెనకే నిలబడి ఆ పేర్లన్నీ బట్టీ పట్టేదాన్ని. "నా కోడలుకు గూడ రంగుల మీద మంచి గురి" అని ఆమె నలుగురిలో చెప్పుకునేది.

నాకు ఐదో నెల నడుస్తున్నప్పటి సంగతి. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ ఒక చెయ్యి కడుపు మీద వేసుకొని ఏదో గొణుక్కుంటున్నాను. ఏం గొణుగుతున్నానో కాసేపటికి నాకే వినపడింది. ఆకు ఆకుపచ్చ, చిలుక ఆకుపచ్చ, చిలుక ముక్కు ఎరుపు. లోపల ఉన్నది కొడుకైతే వాడికీ ఇవే కళ్లు. ఖాయం. వాడు పుట్టకముందే నేను పాఠం మొదలుపెట్టాను. రేపు వాడు బొమ్మ గీసుకొని వస్తే ఎవరూ చూడకముందే దిద్దాలి. ఎవరికీ చెప్పకు అని నేనే నేర్పాలి. చేతిలో ఉన్న చొక్కాను గోడకేసి కొట్టాను. అయినా ఆ రోజు అత్తమ్మకు చెప్పలేకపోయాను. చెప్తే ఏమంటుందో, నాతోపాటు లోపలున్నవాణ్ణి కూడా ఏ కంట చూస్తుందో అని భయపడ్డాను.

అంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ ఏడు మా పెదనాన్న పోయి పుట్టింట్లో పండుగ లేదు. అందుకని అత్తగారింట్లోనే ఉండిపోయాను. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మా లైన్ ఆడవాళ్లందరూ కలిసి పూలతో ఒక పెద్ద బతుకమ్మను పేర్చి గ్రౌండుకు తీసుకుపోతారు. పక్క లైన్ల వాళ్లతో పోటీ ఉంటుంది. మొగవాళ్లు కమాన్‌పూర్ దిక్కు పొలాల్లోంచి మోపులకొద్దీ గునుగు పూలు కోసుకొచ్చారు. గునుగు తెల్లగా ఉంటుంది కాబట్టి దానికి రంగు అద్దుతాం. సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. వరుస తర్వాత వరుస పేరిస్తే అదే బతుకమ్మకు అందం. రంగులో ముంచే పని అత్తమ్మ నాకు అప్పగించింది. నా గురి మీద ఆమెకు అంత నమ్మకం.

పొద్దున పని సాఫీగానే జరిగింది. స్టీలు గిన్నెలో ఎరుపు, సిల్వరు గిన్నెలో ఆకుపచ్చ. నా కళ్లు చెప్పకపోయినా గిన్నెలు చెప్తాయి. కట్టలు ముంచి, ఎర్రవి ఎడమ దిక్కు, పచ్చవి కుడి దిక్కు నీడలో ఆరబెట్టాను. మధ్యాహ్నం బువ్వ తిన్నాక రెండోసారి ముంచాలి. అప్పుడే రంగు చిక్కగా పడుతుంది. నేను తింటున్నంతసేపట్లో పక్క క్వార్టర్ అక్క, పాపం నాకు సాయం చేద్దామని, గిన్నెలు కడిగి కొత్త నీళ్లలో రంగులు కలిపి పెట్టింది. స్టీలు దాంట్లో ఆకుపచ్చ, సిల్వరు దాంట్లో ఎరుపు. ఆమె ఆ తేడాను పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోవాలి? కళ్లున్న ఎవరికైనా నీళ్లు చూడగానే తెలుస్తుంది.

నేను ఎర్ర కట్టలన్నిటినీ పచ్చ నీళ్లలో, పచ్చ కట్టలన్నిటినీ ఎర్ర నీళ్లలో ముంచి తీశాను. తీసి ఆరబెట్టి, కాస్త దూరంగా నిలబడి చూసుకొని మురిసిపోయాను కూడా. పొద్దున్నటికంటే ముదురుగా, నిండుగా వచ్చాయి. అత్తమ్మ మెచ్చుకుంటుందని నడుం మీద చెయ్యి పెట్టుకొని ఎదురుచూశాను.

అత్తమ్మ బయటికి వచ్చి నిలబడిపోయింది.

"ఏందే ఇది?"

"గునుగే అత్తమ్మ. రెండోసారి ముంచిన. మంచిగ ఎక్కింది రంగు."

"ఏం రంగు ఎక్కింది?"

ఎడమ దిక్కు చూపించి ఎరుపన్నాను. కుడి దిక్కు చూపించి ఆకుపచ్చన్నాను. గొంతులో కొంచెం కూడా అనుమానం లేదు.

ఆమె ఒక కట్ట ఎత్తి నా ముందు పట్టుకొని నా ముఖంలోకి చూసింది. ఈలోగా పక్కింటి అక్క వచ్చి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేను గిన్నెలు కడిగి మల్ల కలిపిన గదా. అటుదిటు అయినట్టున్నయి. చూస్కోలేదా పిల్లా?" చూసుకున్నాను. రెండు కళ్లూ తెరిచి చూసుకున్నాను. లైన్‌లో ఉన్న ఆడవాళ్లందరూ పోగయ్యారు. నల్లగైనయి అని ఒకామె, బురద లెక్కున్నయి అని ఇంకొకామె. "పండుగ పూట నలుపేంది, అందుల కడుపుతోటి ఉన్నదాయె" అని ఎవరో వెనకనుంచి అన్నారు. పొద్దు వాలుతోంది. ఇంకో మోపు గునుగు తెచ్చేంత టైం లేదు.

అప్పుడు ఆ అక్కే నన్ను కాపాడబోయింది. మంచి మనిషి. "ఊకో వదినా, ఇగ జరిగిందేదో మంచికే. బొగ్గుబాయిల కాడ బొగ్గు రంగు బతుకమ్మ. ఏ లైన్‌ల గూడ గిట్లాంటిది ఉండది. పిల్ల కావాల్ననే చేసినట్టున్నది. ప్రైజు మనకే" అంది. ఒకరిద్దరు నవ్వారు. ఇంకొకామె, "నిజమే, మన బువ్వ నల్లదే గదా" అంది. గాలి మారింది. అత్తమ్మ ముఖం కూడా కాస్త వదులైంది. నా దిక్కు తిరిగి, "ఔనా? కావాల్ననే చేసినవా?" అని అడిగింది.

ఔనంటే అయిపోయేది. తల ఊపినా సరిపోయేది. ఆ అబద్ధం ఎంత ముద్దుగా ఉందంటే, చెప్పిన అక్కకంటే నాకే ఎక్కువ నచ్చింది. సాయంత్రం గ్రౌండులో నలుగురూ పొగిడేవాళ్లు. అమ్మ నేర్పిన ఉపాయాలన్నిటిలోకీ గొప్పది ఒకటి నా ఒళ్లో వచ్చి పడింది. కానీ నా చెయ్యి కడుపు మీద ఉంది. ఇవాళ ఔనంటే, రేపటి నుంచి వాడి జీవితం కూడా ఇట్లాంటి ఔనుల మీదే నడుస్తుంది.

"కాదు అత్తమ్మ" అన్నాను. "కావాల్నని చెయ్యలే. నాకు ఎరుపుకు, ఆకుపచ్చకు ఫరక్ తెల్వది. మీరందరు నల్లగైనయి అంటున్నరు. నాకు పొద్దుగాల ఎట్లున్నయో ఇప్పుడు గట్లనే ఉన్నయి. జర ముదురున్నయి, గంతే."

"ఎప్పటి సంది?" అంది అత్తమ్మ.

"పుట్టినప్పటి సంది."

"మీ అమ్మకు ఎర్కనా?"

"ఎర్కనే."

"నా కొడుక్కు?"

"ఎర్కనే."

ఆ చివరి జవాబు ఆమెకు ఎక్కువ తగిలింది. "అందరికి ఎర్కనే. నేనొక్కదాన్నే గుడ్డిదాన్ని" అంది. ఆ మాటకు నాకు నిజంగా బాధ కలిగింది. ఆమె తప్పేం లేదు. కానీ వెంటనే, "మీ అమ్మ చెప్పకుంట అంటగట్టింది నిన్ను" అనేసరికి బాధ పోయి కోపం వచ్చింది.

"చెప్తే చేసుకునేటోళ్లా అత్తమ్మ?"

ఆమె నా కడుపు దిక్కు చూసింది. "దవాఖాన్ల చూపిస్తే పోదా?" అని అడిగింది.

"పోదు."

"మరి కడుపుల ఉన్నదానికి?"

"ఆడపిల్లయితే మీ లెక్క చూస్తది. మొగపిల్లగాడైతే నా లెక్క చూస్తడు. గది ఖాయం." నేను ఆపలేదు. "వానికి నేను రంగులు కంఠతా పట్టియ్యను. ఎవ్వలకు చెప్పకు అని నేర్పను. ఎట్ల కనవడ్తే గట్లనే చెప్పుమంట. ఈ ఇంట్ల గట్ల చెప్పరాదంటే, గా మాట నాకు ఇప్పుడే చెప్పున్రి."

అత్తమ్మ చేతిలో ఉన్న కట్టను నేల మీద పెట్టి ఇంట్లోకి పోయింది. పక్కింటి అక్క నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. నేను గ్లాసు ఖాళీ చేసి అరుగు మీద కూర్చున్నాను. భయం వేసింది. కానీ ఎన్నేళ్ల తర్వాతో, నోట్లో ఏదీ దాచుకోకుండా కూర్చున్నాను.

లైన్ బతుకమ్మను బంతిపూలతో, తంగేడుతో, కట్లపూలతో పేర్చేశారు. పనికిరావని నేను ముంచిన గునుగు కట్టల్ని ఒకామె చెత్తలో వేయడానికి ఎత్తుతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఇంట్లోంచి ఒక పళ్లెం తెచ్చుకొని గుమ్మడి ఆకు పరిచి నా బతుకమ్మ నేను పేర్చుకున్నాను. అడుగున నా గునుగు. దాని మీద తంగేడు. మళ్లీ గునుగు. ఆ పైన కట్లపూల నీలం. మిగిలిపోయిన కొంచెం తెల్ల గునుగు చివర్లో. ఒక వరుస ముదురు, ఒక వరుస వెలుతురు. అంతకుముందు నేను పేర్చినవన్నీ పక్కవాళ్లను చూసి కాపీ కొట్టినవే. ఇదొక్కటే నేను చూసి పేర్చింది. బాగుందని ఎవరూ అనలేదు. "నీ ఇష్టం బిడ్డా" అంది ఒకామె. నా ఇష్టమే.

ఐదో నెలలో ఎత్తుకోవద్దన్నారు. చిన్న పళ్లెమే కదా అని నేనే ఎత్తుకొని గ్రౌండుకు పోయాను. పెద్దవాటి పక్కన దించి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి ఆడాను. అత్తమ్మ ఆ వలయంలోనే, నాకు సరిగ్గా ఎదురుగా ఉంది. తాళం తప్పకుండా చప్పట్లు కొట్టింది, నా ముఖం మాత్రం చూడలేదు. మాకు ప్రైజు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె మందమర్రికి ఫోన్ చేసింది. అమ్మ అవతల ఏడుస్తోందని నాకు ఇవతల నుంచే తెలుస్తోంది. కాసేపటికి బాపు ఫోన్ అందుకున్నాడు. ఆయన గొంతు వంటింట్లో ఉన్న నాకూ వినపడింది. "చెల్లె, నాకు గూడ గట్లనే కనవడ్తది. నేను బాయిల చేసి రిటైరైన, పెండ్లి చేసుకున్న, బిడ్డను చదివించిన. ఇంకేం గావాలె?" అత్తమ్మ ఫోన్ పెట్టేసింది.

తర్వాత చాలా రోజులు నాతో మాటల్లేవు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆ సంగతి కొడుకుతో చెప్పించేది. నేనూ తగ్గలేదు. నా జవాబు కూడా ఆయనతోనే పంపేదాన్ని. మా ఇద్దరి నడుమ ఆయన పోస్టుమాన్ అయిపోయాడు, "ఇంతకన్న డంపరే నయం" అని మొత్తుకునేవాడు. ఒకరోజు వంటింట్లోకి పోతే టమాటాలు రెండు గంపల్లో ఉన్నాయి. పండినవి ఒక దాంట్లో, పచ్చివి ఒక దాంట్లో వేరు చేసి పెట్టింది. నాకోసమని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ప్రేమని నేననను. కూర పాడవుతుందనే భయమైనా కావచ్చు. రంగు గిన్నెల దగ్గరికి మాత్రం నన్ను ఇప్పటికీ రానివ్వదు.

కొడుకే పుట్టాడు. దవాఖానలో వాణ్ణి ఒళ్లోకి తీసుకొని అత్తమ్మ వాడి కళ్లలోకి చాలాసేపు చూసింది. ఏమంటుందోనని మంచం మీద పడుకొని ఎదురుచూశాను. "పెద్ద కండ్లు" అంది, అంతే.

ఇప్పుడు వాడు ఒకటో తరగతి. ఈమధ్య బడి నుంచి పిలుపొచ్చింది, మీవాడు మొండిగా తయారయ్యాడు, చెప్పిన మాట వినడం లేదని. నేనూ అత్తమ్మా పోయాం. డ్రాయింగ్ మేడం చెట్టు బొమ్మకు రంగులు వేయమందట. మావాడు ఆకులకు మట్టిరంగు, కాండానికి ఆకుపచ్చ వేశాడు. మళ్లీ వెయ్యమంటే మళ్లీ అట్లాగే వేశాడు. కావాలనే చేస్తున్నాడని బోర్డు పక్కన నిలబెట్టారు. మేం పోయేసరికి వాడు అక్కడే నిలబడి ఉన్నాడు, కాగితం చేతిలో పట్టుకొని. ఏడవడం లేదు. నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ నన్ను దాటి ముందుకు పోయింది.

"మేడం, వాడు కావాల్నని చేస్తలేడు. వానికి గట్లనే కనవడ్తది. ఇగో, వాళ్లమ్మకు గూడ గట్లనే. వాళ్ల తాతకు గూడ గట్లనే. మా ఇంట్ల ఇది అందరికి ఎర్కనే, మేం దాచిపెట్టం. పిల్లగాన్ని నిలవెట్టుడు బంద్ చెయ్యున్రి."

మేడం కంగారు పడింది. "నాకు తెలియదండి. మీరు ముందే చెప్పాల్సింది" అంది.

"ఇప్పుడు చెప్తున్న గదా" అంది అత్తమ్మ.

మేడం చెడ్డమనిషి కాదు. మావాడి దగ్గరికి వచ్చి వంగి, "సారీ నాన్నా. ఇంతకీ ఆ చెట్టు నీకెలా కనిపిస్తుంది?" అని అడిగింది. కిటికీ బయట బడి ఆవరణలో వేపచెట్టు ఉంది. వాడు తన చేతిలో ఉన్న కాగితాన్ని ఆమె ముందు పట్టుకొని, "ఇట్ల" అన్నాడు. తర్వాత ఆమెనే అడిగాడు.

"మీకెట్ల కనవడ్తది మేడం?"

"ఆకుపచ్చగా."

"అంటే ఎట్లుంటది?"

మేడం నోరు తెరిచి మూసింది. కిటికీలోంచి చెట్టు దిక్కు చూసింది. అత్తమ్మ కూడా చూసింది, అన్ని రంగులకూ పేర్లు తెలిసిన మా అత్తమ్మ. మావాడు తల ఎత్తి జవాబు కోసం నిలబడ్డాడు. వాడికి తొందరేం లేదు.